లాడపు పీత – బాలల కథ, చిత్రము

భారతదేశపు శిశువునకు పీత తొలుత పరిచయమగునది కడలి యొడ్డున గాదు, పంచతంత్రమున. కొంగ మెడను త్రుంచిన ఆ పీతను మరచు బాలుడు అరుదు. కాని ఒడిశా, వంగ తీరములందు పోటుతో జంటగా వచ్చి, ఇసుకలో గ్రుడ్లుపెట్టి మరలిపోవు లాడపు పీతకు బాలసాహిత్యమున తగిన చోటు ఇంకను లభింపలేదు.

దీని పేళ్లే కథాబీజములు. జపానువారికిది శిరస్త్రాణపు పీత, వంగీయులకు రాజపీత, ఆంగ్లభాష దీని డిప్పలో గుర్రపులాడమును చూచినది. అయినను ఈ పేళ్లన్నిటను ఒకే పొరపాటు కలదు. ఇది పీత కాదు. సాలెపురుగునకును తేలునకును దగ్గరి చుట్టము. దీని పూర్వుల రూపము సుమారు 44 కోట్ల సంవత్సరముల నాటి శిలాజములందు కానవచ్చుచున్నది. నేడు మిగిలిన 4 జాతులలో 2 భారత తీరమున గలవు.

ఇట్టి ప్రాణిని గూర్చిన కథకు అద్భుతకల్పన అక్కరలేదు, సత్యము చాలును. దీని తోక పొడవైన ముల్లువలె నుండును. అది కుట్టునని తలచిన బాలుడు రాయి విసరును. నిజమునకు అందు విషము లేదు. కెరటము వెల్లకిల పడద్రోసినపుడు బోర్లపడుటకు అది ఊతకఱ్ఱ. బోర్లపడలేనిది ఎండకు మాడి చచ్చును. తోకపట్టి లాగక, డిప్ప అంచులు పట్టి త్రిప్పవలెనని తెలిసిన బాలుడు దానిని బ్రతికించును. హింసకును దయకును నడుమ ఇచట నున్నది ఈ కొలది జ్ఞానమే.

చిత్రకళ విషయమును ఇట్టిదే. తైవాను పాలనలోని కిన్మెన్ ద్వీపమున దీని డిప్పపై పులిముఖము చిత్రించి, దృష్టిదోష నివారణకై గుమ్మమున వ్రేలాడదీయు ఆచారము కలదు. అది రమ్యమే, కాని చచ్చినదాని డిప్పపై వెలసిన కళ. బాలుడు బ్రతికినదానిని చిత్రింపవలెను. పైడిప్పతో తృప్తిపడక, క్రింది కాళ్లను, పుస్తకపు పుటలవలె అమరిన మొప్పలను గీయవలెను. మట్టితో బొమ్మచేసి, వెల్లకిలనుంచి, తోక ఊతతో త్రిప్పిచూచిన శిశువు ఆ పాఠమును మరువడు.

దీని నీలిరక్తము సూదిమందులలోని సూక్ష్మజీవి విషములను పసిగట్టుటకు తోడ్పడుచున్నది గనుక, ఆ ఉపకారమునే ముందు చెప్పవలెనని కొందరు తలపవచ్చును. అది చెప్పదగినదే, కాని తరువాత. మనకు పనికివచ్చుటచేతనే ప్రాణి ఆదరణీయమని నేర్చిన బాలుడు, ఆ పని తీరిననాడు దానిని విడనాడును. అందుచేత కథ ముందు దాని బ్రతుకును చెప్పవలెను. ఉపయోగము పిమ్మట రావలెను.