కుంకుమపువ్వు రంగు కిల్టు

ఈ మాసం మా కబుర్లు ఒక కట్టును గురించి. కిల్టు అనగానే చదువరులకు స్కాట్లండు సోల్జర్లు జ్ఞాపకం వస్తారు. న్యాయమే. కాని ఐర్లండు సంతతి వారిలో, ముఖ్యంగా తరాల క్రిందట అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబాలలో, ఇది మన తాతముత్తాతల కట్టు అని పెద్దలు చెప్పగా చిన్నప్పటినుంచీ కట్టుకొని పెరిగిన మగపిల్లలు ఎందరో ఉన్నారు. నాట్యపు పోటీకి అదే, బ్యాగ్‌పైపు బ్యాండుకు అదే, ఇంట్లో పెండ్లి అయితే దానికీ అదే. అటువంటి కుర్రవాడు పెద్దవాడై చరిత్ర పుస్తకం తెరిచాడంటే చిక్కు వచ్చిపడుతుంది. ప్రాచీన ఐర్లండులో కిల్టు లేదు!

ముందు ఆ బట్ట సంగతి చెబుతాము. మోకాళ్ళదాకా వచ్చే ఉన్నిబట్ట, నడుముకు చుట్టి ప్రక్కన పట్టీలతో బిగిస్తారు. మన పంచెకు కుచ్చెళ్ళు ముందుంటాయి. దీనికి మడతలన్నీ వెనుక, ముందు సాపు. స్కాట్లండు వారిది గళ్ళబట్ట. ఐర్లండు కిల్టు మొదట్లో ఏకరంగుదే ఎక్కువ: అయితే ఆకుపచ్చ, లేకుంటే కుంకుమపువ్వు రంగు. ఈ రెండోదాన్ని మన కాషాయం అనుకోకండి, ఆవపిండి రంగుకు దగ్గర.

ఆ రంగుకు మాత్రం నిజమైన వంశమే ఉంది. పాతకాలపు ఐరిష్ వారు తొడిగింది 'లేనె' అనే పొడుగాటి నారబట్ట చొక్కా, దానిపైన 'బ్రాట్' అనే ఉన్ని దుప్పటి. ఆ చొక్కాకు కుంకుమపువ్వు రంగు వేయించడం వారికి ఎంత ఇష్టమో గాని, ఎనిమిదవ హెన్రీ కాలంలో 1537లో దాన్ని నిషేధిస్తూ ఏకంగా శాసనమే చేశారు. చొక్కా రంగుమీద ప్రభుత్వానికి అంత కోపం రావాలంటే ఆ రంగు ఊరికే వేసుకున్నది కాదు గదా! ఆ పొడుగు చొక్కాను నడికట్టుతో పైకి ఎగగట్టితే మోకాళ్ళ దగ్గర మడతలు మడతలుగా వ్రేలాడుతుంది. 1581లో జాన్ డెరిక్ అచ్చువేసిన బొమ్మలలో అలాగే కనిపిస్తుంది. మూడు శతాబ్దాల తరువాత ఇటువంటి బొమ్మలు చూచినవారు "అదిగో కిల్టు" అన్నారు.

అసలు స్కాట్లండులో మాత్రం అది అంత పాతదా? ఒంటికంతా చుట్టుకునే పెద్ద గళ్ళ దుప్పటి 16వ శతాబ్దం చివర వచ్చింది. ఇప్పుడు మనం చూచే పొట్టి కిల్టు 18వ శతాబ్దపుది.

ఐర్లండుకు అది వచ్చింది భాషతోపాటు. ఇంగ్లీషు ధాటికి ఐరిష్ భాష ఇండ్లలోనుంచి జారిపోతుండగా, దాన్ని నిలబెట్టాలని 1893లో డగ్లస్ హైడ్ ప్రభృతులు గేలిక్ లీగు స్థాపించారు. (మదనపల్లె కాలేజీలో పనిచేసిన జేమ్స్ కజిన్స్ కవి ఆ రోజుల డబ్లిన్ సాహిత్యపు సందడిలో ఉన్నవారే.) మాట మనదైతే బట్ట మాత్రం పరాయిదెందుకు అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ప్యాంటు, కోటు ఇంగ్లండువి. పోనీ చొక్కా, దుప్పటితో ఆఫీసుకు వెళ్ళగలమా?

పాట్రిక్ పియర్స్ అప్పటికి ఇరవై ఏండ్ల యువకుడు. 1900లో ఆయన మ్యూజియంకు వెళ్ళి, బురదనేలలో దొరికిన పాత ఐరిష్ లాగు ఒకటి చూచివచ్చి, మిత్రుడికి జాబు వ్రాశాడు. దాని భావం ఇది: కిల్టు అంత ప్రాచీనం కాకపోయినా ఫరవాలేదు, ఈ లాగుకన్న నయం, ఇది తొడుక్కొని సభకు వెళితే, ప్యాంటు తొడుక్కోవడం మరచిపోయి పాపం చల్లాడంతో వచ్చాడనుకుంటారు! ఇందులో మాకు నచ్చినది నవ్వు ఒక్కటే కాదు. ఆయన ఎవరినీ మోసపుచ్చలేదు. తెలిసే ఎన్నుకున్నాడు.

1908లో ఆయన డబ్లిన్‌లో సెంట్ ఎండాస్ పాఠశాల పెట్టినప్పుడు ఆ బడి పిల్లలలో చాలామంది కిల్టు కట్టారు. మరుసటి ఏడు పుట్టిన 'ఫియన్న' బాలుర దళంలోనూ కిల్టు యూనిఫారమే. లార్డ్ ఆష్‌బర్న్ అనే ప్రభువుగారికి ఎక్కడికి వెళ్ళినా కిల్టే; 1918లో ఆయన బ్రిటిష్ ప్రభువుల సభలో లేచి ఐరిష్ భాషలో మాట్లాడారు. 1916 తిరుగుబాటులో సెంట్ ఎండాస్ పూర్వవిద్యార్థులు కొందరు పియర్స్‌తోపాటు డబ్లిన్ పోస్టాఫీసులో ఉన్నారు. మే 3న ఆయనను కాల్చిచంపారు.

తరువాత 1943లో మెక్లింటక్ అనే పండితుడు పాత ఐరిష్ దుస్తులను గురించి పుస్తకం వ్రాసి, కిల్టు ప్రాచీనతను కొట్టిపారేశాడు. 1956లో అల్‌స్టర్‌లోని డంగివెన్ దగ్గర మట్టిలో గళ్ళబట్ట దొరికితే కొందరికి ప్రాణం లేచివచ్చింది. తీరా చూస్తే అది కాళ్ళకు అతుక్కునే లాగు! ఇక మా జిల్లా గళ్ళు ఇవి, మీ జిల్లా గళ్ళు అవి అని ఈనాడు అమ్ముతున్నవాటిలో చాలా భాగం 1996లో స్కాట్లండు కంపెనీ ఒకటి కల్పించినవి. వ్యాపారం వ్యాపారమే, తప్పు పట్టము. కాని వెయ్యేండ్ల వంశవృక్షం తగిలించి అమ్మితేనే చిరాకు.

మరి ఆ కుర్రవాడికి ఏమి చెప్పాలి? పుట్టిన సీమకు దూరంగా తరాలుగా కాపురముంటున్న మనబోటివారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. "ప్రక్కింటివాళ్ళు చేయరే, మనమెందుకు చేయాలి?" అని పిల్లలు అడుగుతారు, తోచక "అనాదినుంచి వస్తున్నది" అనేస్తాము. నిజం చెబితే చాలునని మా అభిప్రాయం. నాయనా, దీని వయస్సు నూరేండ్లు దాటి కొంచెం. నీ వయస్సు పిల్లలు కొందరు ప్యాంట్ల ఊళ్ళో దీన్ని కట్టుకొని బడికి నడిచారు. వాళ్ళ పేర్లు ఇవి. అంతకన్న ఏ ప్రాచీన రాజు కావాలి?

ఐర్లండులో ఇప్పుడు పెండ్లికి మామూలుగా సూటే. సైన్యపు పైపర్లు కుంకుమపువ్వు రంగు కిల్టులోనే వాయిస్తున్నారు. నాట్యపు పోటీలలో మాత్రం 1994లో 'రివర్‌డాన్స్' వచ్చిన తరువాత కుర్రవాళ్ళు క్రమంగా నల్లప్యాంటుకు మారారు. గెంతడానికి అదే సుఖమట.