కాలిబాటకు హక్కు కావాలి
ఇంగ్లండ్ కొండల్లో కాలిబాటలు నేటికీ నిలిచాయంటే అది భూస్వాముల దయ కాదు, నడిచేవాళ్లు పోరాడి తెచ్చుకున్న చట్టాల చలవ. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మిక యువత వందలాదిగా కిండర్ స్కౌట్ ఎక్కింది. గ్రౌజ్ పక్షుల వేటకని జనానికి మూసేసిన కొండబీడు అది. కాపలావాళ్లతో జరిగిన తోపులాట కేసులో అయిదుగురు జైలుపాలయ్యారు. తర్వాత 1949లో జాతీయ పార్కుల చట్టం, 1965లో సుమారు 430 కిలోమీటర్ల పెన్నైన్ వే కాలిబాట, 2000లో కొండల్లో, బీళ్లలో స్వేచ్ఛగా తిరిగే హక్కు వచ్చాయి. జనం తొక్కితే నేల పాడవుతుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అక్కడి పీట్ నేల తడిసిన స్పాంజి లాంటిది. పైపొర చిరిగిందా, వానకు కోసుకుపోతుంది. బురద తప్పించుకోవాలని మనుషులు పక్కకు జరిగేకొద్దీ బాట వెడల్పవుతుంది. దీనికి విరుగుడు దారి మూయడం కాదు. కూల్చేసిన నూలుమిల్లుల గచ్చు నుంచి పెకలించిన రాతి పలకలు ఆ బురద మీద పరిచారు, పక్కన గడ్డి మళ్లీ మొలిచింది. రైతు గోడూ నిజమే. అందుకే పొలానికి అడ్డంగా పోయే బాటను దున్నుకోనిచ్చి, తొలిసారి దున్నిన 14 రోజుల్లోపు కనీసం మీటరు వెడల్పున తిరిగి చదును చేయమంటోంది చట్టం. ఇంతకన్నా న్యాయమైన సర్దుబాటు నాకు తోచడం లేదు. లోటల్లా 2000 నాటి చట్టం అడవులనూ నదీతీరాలనూ చాలావరకు వదిలేయడమే. కొండమీద ఎటైనా తిరగగలిగిన మనిషి లోయలోకి దిగి కంచె ముందు ఆగిపోవలసి రావడానికి సమర్థన లేదు. ఆ హక్కును పార్లమెంటు ఏటిగట్లకూ విస్తరించాలి.