సీసాల చిట్టాలో ఖర్చు వైపు

మన పట్టణాలలో 'వైన్స్' అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టిన దుకాణంలో అతి తక్కువగా అమ్ముడయ్యే సరుకు వైనే. బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే చోటుకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఇందుకు పూర్తిగా విరుద్ధమైన వింత ఇంకొకటి ఉన్నది. నిజంగా వైన్ తాగే ఇళ్లలో దానిని మద్యంగా లెక్కించరు. "మేము మందు ముట్టమండీ, రాత్రి భోజనంతో ఒక గ్లాసు వైన్, అంతే" అన్న మాట వైద్యుడిగా నేను చాలాసార్లు విన్నాను. 'మందు' అనే పదానికి మన భాషలో ఉన్న రెండర్థాలలో వైన్‌ను మొదటి అర్థం నుంచి తప్పించి, రెండవ అర్థంలోకి, అంటే ఔషధంలోకి, నెమ్మదిగా చేర్చేశారన్న మాట. ద్రాక్షారిష్టం ఎరిగిన జాతికి అది అంత కష్టమైన పని కాదు.

కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీలలో స్థిరపడిన మనవారి ఇళ్లలోను, హైదరాబాదులో కొన్ని ఇళ్లలోను వైన్ సేకరణ ఒక అభిరుచిగా వేళ్లూనుకొంటున్నది. ఆ సీసాలను ఎట్లా అమర్చాలి, వాటికి పట్టిక ఎట్లా రాసుకోవాలి అన్నది పైకి ఆరోగ్యంతో సంబంధం లేని ప్రశ్నగా కనబడవచ్చు. నా అభిప్రాయంలో అది ఆరోగ్య ప్రశ్నే. సక్రమంగా రాసిన వైన్ పట్టిక, ఆ ఇంటివారి కాలేయం గురించి, రక్తపోటు గురించి ఏ రక్తపరీక్షకూ తీసిపోని సాక్ష్యం ఇవ్వగలదు. అయితే సేకర్తలలో అధికులు ఆ పట్టికను సగమే రాస్తారు.

వైన్‌కు లెక్క పుస్తకం పెట్టడం పాశ్చాత్యులకు పాత అలవాటు. అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్‌సన్ ఫ్రాన్సులో రాయబారిగా ఉన్న కాలంలో, 1787లో, బర్గండీ, బోర్డో ప్రాంతాల ద్రాక్షతోటలు చూసి వచ్చి, తరువాతి జీవితమంతా తాను తెప్పించుకొన్న వైన్ల ఖర్చులు రాసి పెట్టుకొన్నాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యాచార్యుడైన జార్జ్ సెయింట్స్‌బరీ తన నేలమాళిగలోని సీసాల పద్దు పుస్తకాన్ని ఆధారం చేసుకొని 1920లో ఏకంగా ఒక గ్రంథమే ప్రచురించాడు. ఇప్పుడా పనికి ఫోనులో యాప్‌లు వచ్చాయి. సీసా మీది గీతల కోడ్‌ను ఫోటో తీస్తే చాలు, దాని జాతకమంతా తెర మీదికి వస్తుంది.

అమరిక విషయంలో పెద్ద రహస్యమేమీ లేదు. వైన్‌కు శత్రువులు వేడి, వెలుతురు, ఉష్ణోగ్రతలో తరచు మార్పులు. దాదాపు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకటిలో, నిలకడగా ఉంచాలి. కార్క్ బిరడా ఉన్న సీసాను పడుకోబెట్టాలి. నిలబెడితే కాలక్రమంలో బిరడా ఎండి, గాలి లోపలికి చొరబడుతుంది. మరతిప్పే మూత ఉన్నదాన్ని ఎట్లా పెట్టినా ఇబ్బంది లేదు. ఐరోపాలో భూమి కింది గది ఇచ్చే చల్లదనం మన హైదరాబాదు ఇళ్లకు లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో వంటింటి అలమారలోనో, రిఫ్రిజిరేటర్ పైనో పెట్టిన సీసా, మే నెల గడిచేసరికి చవి కోల్పోతుంది. విషమేమీ కాదు, ఉడికిన పండు రుచి వస్తుంది, అంతే. ఇక్కడ సేకరణ చేయదలచినవారికి వైన్ కోసం తయారైన చిన్న శీతల పెట్టె తప్పనిసరి. ఇంట్లో ఎంత మద్యం ఉంచుకోవచ్చునో ఆయా రాష్ట్రాల ఎక్సైజు నిబంధనలు హద్దు విధిస్తాయన్నది కూడా సీసాలు కొనక ముందే తెలుసుకోవాలి. తాళం సంగతి మరచిపోవద్దు. ఎదిగే పిల్లలున్న ఇంట్లో అందంగా వెలిగే గాజు తలుపుల పెట్టెకు తాళం లేకపోవడం నాకు అర్థం కాని విషయం.

ఇక పట్టిక. తయారీదారు పేరు, ద్రాక్ష కోసిన సంవత్సరం, ప్రాంతం, ద్రాక్ష రకం, కొన్న తేదీ, వెల, ఎన్ని సీసాలు, ఏ అరలో ఎన్నవ గడిలో ఉన్నది, ఏ సంవత్సరం లోపల తాగాలి: ఇవి అందరూ రాస్తారు. అరలకు క, గ, చ అని అక్షరాలు, గడులకు అంకెలు ఇచ్చి, సీసా మెడకు అదే గుర్తు ఉన్న చీటీ తగిలిస్తే వెతుకులాట తప్పుతుంది. దేశాల వారీగా పేర్చడం చూపులకు బాగుంటుంది గాని, తెరవవలసిన సంవత్సరం ప్రకారం పేర్చడమే తెలివైన పని. పక్వకాలం దాటుతున్నవి చేతికందే వరుసలో ఉండాలి.

ఇంతవరకు రాసినదంతా జమ వైపు. మన పాత వర్తకులు చిట్టాలో జమకు ఎదురుగా ఖర్చు తప్పక రాసేవారు. వైన్ పట్టికలో ఖర్చు అంటే సీసా తెరిచిన తేదీ, దానిని ఎందరు పంచుకొన్నారు, మరునాటికి ఎంత మిగిలింది. ఈ మూడు గడులూ ఖాళీగా ఉండడం నేను చూశాను. కాలిఫోర్నియాలో ఒక ఇంటి యజమాని తన ఫోనులో రెండు వందలకు పైగా సీసాల జాబితాను ఎంతో ముచ్చటగా చూపించారు. ఏ సీసా ఏ అరలో ఉన్నదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. "పోయిన నెలలో ఎన్ని తెరిచారు?" అని అడిగితే ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ నవ్వి ఊరుకొన్నారు.

ఇంకొక గడి కూడా తప్పనిసరి అంటాను: లేబుల్ మీద సన్నని అక్షరాలలో ఉండే ఆల్కహాల్ శాతం. 750 మిల్లీలీటర్ల సీసాలో 12 శాతం అయితే సుమారు 71 గ్రాములు, 13 శాతం అయితే 77 గ్రాములు, 14.5 శాతం అయితే 86 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. పోర్ట్ వంటి 20 శాతం వైన్‌లో 118 గ్రాములు. మన దేశంలో 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు విస్కీలో ఉండేది 20 గ్రాములు. అంటే భార్యాభర్తలిద్దరూ ఒక రాత్రి 13 శాతం సీసా ఒకటి పూర్తి చేస్తే చెరి రెండు పెద్ద పెగ్గులు తాగినట్లే. 'మందు ముట్టని' ఇంట్లో ఈ లెక్క చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడరు. పైగా ఆ ఆల్కహాల్ ఒక్కటే 540 కిలోకేలరీల దాకా ఇస్తుంది. బరువు తగ్గడం లేదని బాధపడే మధుమేహులు ఇది గమనించాలి.

ఇప్పుడు ఆ పట్టిక ఏమి చెప్పగలదో చూడండి. ఇంట్లో 200 సీసాలు ఉన్నాయనుకొందాం, అన్నీ 13 శాతానివే. 2023లో కెనడా నిపుణులు విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువగా ఉండాలంటే ఒక మనిషి వారానికి రెండు ప్రామాణిక పానీయాలు, అంటే సుమారు 27 గ్రాముల ఆల్కహాల్, మించరాదు. దంపతులిద్దరికీ కలిపి 54 గ్రాములు. ముప్పావు సీసా కూడా కాదు. ఈ లెక్కన 200 సీసాలు తరగడానికి ఐదున్నర సంవత్సరాలు పడుతుంది, మధ్యలో ఒక్కటి కూడా కొత్తగా కొనకపోతే. బ్రిటన్ 2016లో పెట్టిన పరిమితి ఇంతకంటె ఉదారమైనది: వారానికి 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు. అది లక్ష్యం కాదు, దాటకూడని గీత. దానిని ఇద్దరూ ప్రతి వారం అంచు దాకా తాకినా ఏడాదీ నాలుగు నెలలు పడుతుంది. అంగళ్లలో దొరికే వైన్లలో అత్యధిక భాగం రెండు మూడేళ్లలో తాగడానికి తయారైనవే. దశాబ్దాల పాటు పరిపక్వమయ్యేవి కొద్ది, వాటి వెల ఎక్కువ.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. 'ఈ సంవత్సరం లోపల తాగాలి' అనే గడి నిండుతున్న కొద్దీ పట్టిక యజమానిని తొందరపెట్టడం మొదలుపెడుతుంది. యాప్ గుర్తు చేస్తుంది: ఈ పన్నెండు సీసాలు పక్వానికి వచ్చాయి అని. ఖరీదైన వస్తువు పాడవుతుందన్న భయం, పెరుగు పులిసిపోతుందని తినేసే గృహిణి భయం లాంటిదే. వారాంతంలో తెరవవలసింది బుధవారం తెరుచుకొంటుంది. తెరిచినది మరునాటికి నిలవ ఉండదని సీసా పూర్తవుతుంది. ఆ మనిషికి తాగాలన్న కోరిక కూడా ఉండకపోవచ్చు. సేకరణను కాపాడుతున్నాననే అనుకొంటాడు. వ్యసనం గురించి మాట్లాడేటప్పుడు మనం కల్లు పాక ముందు పడిపోయిన మనిషిని ఊహించుకొంటాం. చక్కని అరలు, చక్కని చీటీలు, చక్కని గ్లాసుల మధ్య మెల్లగా పెరిగే పరిమాణం మన ఊహకు అందదు. జమ మాత్రమే రాసిన పట్టిక ఆ పెరుగుదలకు ముసుగు వేస్తుంది. ఖర్చు రాసిన పట్టిక ఆ ముసుగు తీస్తుంది.

"ఎర్ర వైన్ గుండెకు మంచిది కదా డాక్టరుగారూ" అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. 1991లో అమెరికన్ టెలివిజన్‌లో ఒక ప్రసిద్ధ కార్యక్రమం, వెన్న, జున్ను బాగా తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువగా ఉండడానికి ఎర్ర వైన్ కారణం కావచ్చునని సూచించింది. మరుసటి ఏడాది సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సహరచయితతో కలిసి లాన్సెట్ పత్రికలో ఆ వాదాన్ని ప్రకటించాడు. అమెరికాలో ఎర్ర వైన్ అమ్మకాలు ఎగబాకాయి. ఆ నమ్మకం వెనుక ఉన్న అధ్యయనాలలో ఒక పెద్ద లోపం తరువాత బయటపడింది. తాగనివారు అని లెక్క వేసినవారిలో, జబ్బు చేసి తాగడం మానేసినవారు కూడా కలిసిపోయారు. రోగులతో పోల్చినప్పుడు మితంగా తాగేవారు ఆరోగ్యవంతులుగా కనబడడంలో ఆశ్చర్యమేమున్నది? ద్రాక్ష తొక్కులోని రెస్వెరట్రాల్ సంగతికి వస్తే, వైన్‌లో అది లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. ప్రయోగాలలో వాడిన మోతాదులు వందల మిల్లీగ్రాములు.

మరొక వైపు సాక్ష్యం మాత్రం గట్టిది. మద్య పానీయాలు మనుషులలో క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి శ్రేణిలో చేర్చింది. పొగాకు కూడా ఆ శ్రేణిలోనే ఉన్నది. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిపాటి మోతాదుతోనే పెరగడం మొదలవుతుంది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి ముప్పు లేని మద్యం పరిమాణమంటూ ఏదీ లేదని స్పష్టం చేసింది. కనుక అలవాటు లేనివారు గుండె కోసమని మొదలుపెట్టనక్కర లేదు. తాగేవారు రుచి కోసం తాగుతున్నామని ఒప్పుకొంటే నాకు పేచీ లేదు, ఔషధమంటేనే పేచీ.

వైన్ పట్టిక పక్కనే ఇంట్లో వాడే మందుల పట్టిక కూడా ఉంచమంటాను. మధుమేహానికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు ఖాళీ కడుపుతో వైన్ తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిద్రమాత్రలు, వార్ఫరిన్, పారాసిటమాల్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉబ్బసం ఉన్న కొందరికి వైన్‌లో కలిపే సల్ఫైట్లు పడవు. పాత సీసాలు కొనేవారికి ఇంకొక మాట: 1990ల మధ్య దాకా సీసా మెడకు సీసపు రేకు చుట్టే ఆచారం ఉండేది, అమెరికా దానిని 1996లో నిషేధించింది. (సీసాలోని 'సీస' మాట అప్పుడప్పుడు ఇట్లా నిజమవుతుంది.) అటువంటి సీసా తెరిచేటప్పుడు రేకు పూర్తిగా తీసి, మూతి అంచును తడిగుడ్డతో తుడవాలి. సీసం కలిసిన స్ఫటికపు కూజాలలో వైన్ లేదా పోర్ట్ నిలవ ఉంచడం మానాలి. లోహం నెమ్మదిగా పానీయంలోకి దిగుతుంది. పట్టికలో ఈ పాత సీసాలకు ఎర్ర గుర్తు పెట్టుకోండి.

ఈ పట్టిక ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలన్నది నా పట్టుదల. ఒక్కరే రాసి, ఒక్కరే చూసే లెక్కలో ఖర్చు వైపు పలచబడుతుంది. భార్యో, భర్తో, పెద్దవాడైన కొడుకో తెరిచిన తేదీ రాస్తే అంకెలు నిజం చెబుతాయి. మూడు నెలలకు ఒకసారి కూడిక వేసి, గ్రాముల లెక్కలో వారానికి తలకు ఎంత వచ్చిందో చూడండి. మీ వైద్యుడు "తాగుతారా?" అని అడిగినప్పుడు "అప్పుడప్పుడు" అనే మాటకు బదులు ఆ అంకె చెప్పండి. గుండె లయ తప్పినప్పుడు, కాలేయపు ఎంజైములు పెరిగినప్పుడు, మందులకు లొంగని రక్తపోటు ఎదురైనప్పుడు మాకు కావలసింది ఆ అంకే.

కూడిక చూశాక ఐదేళ్ల సరుకు ఉన్నదని తేలితే కొనడం ఆపడం మొదటి పని. పక్వకాలం దాటుతున్నవాటిని విందులలో పదిమందికి పంచవచ్చు, వాహనం నడిపి ఇంటికి వెళ్లవలసినవారిని, మానేసే ప్రయత్నంలో ఉన్నవారిని మినహాయించి. వంటలో వాడతామంటారు కొందరు. మంచిదే గాని, మరిగిస్తే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందనుకోవడం పొరపాటు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం కూరలో పోసి పావుగంట ఉడికిస్తే 40 శాతం, గంట ఉడికిస్తే 25 శాతం దాకా మిగిలే ఉంటుంది. పిల్లలకు, గర్భిణులకు పెట్టే గిన్నెలో అది పోయవద్దు. కూరలో పోసినదాన్ని కూడా ఖర్చు వైపు రాయండి.