వెల్డరు జాతకం

మా వీధి చివర గేట్లూ, కిటికీ గ్రిల్లులూ చేసే కుర్రవాడు ఒకడున్నాడు. మా ఇంటి గేటు వాడి చేతి పనే. ఏడేళ్ళయింది, వంగలేదు, కిర్రుమనలేదు. మా ఆవిడ ఆ గేటుకి తన పుట్టింటి బీరువాతో సమానంగా మర్యాద చేస్తుంది. కిందటేడు ఒక సాయంత్రం వాడు చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతిలో ఫోను పట్టుకుని వచ్చాడు.

"మేష్టారూ, నా సంగతి కాస్త ఇంగ్లీషులో వ్రాసిపెట్టాలండి."

మా కోనసీమ నుంచి మస్కట్, కువైట్, దుబాయి వెళ్ళడం కొత్తేమీ కాదు. పూర్వం ఊళ్ళో ఏజెంటు ఉండేవాడు. ఆయన బావమరిదో, తోడల్లుడో అక్కడ ఉండేవాడు. ఇప్పుడు వాళ్ళందరి కంటె ముందు కృత్రిమ మేధ పీట వేసుకు కూర్చుంది. మన పనీ, అనుభవమూ ఫోనులో నింపితే, అక్కడి కంపెనీలు ప్రకటించిన ఖాళీల పక్కన దాన్ని పెట్టి, పొంతన చూసి, నూటికి ఇన్ని మార్కులని చెబుతుంది. మన సిద్ధాంతిగారు ముప్ఫయ్యారు గుణాల్లో ఎన్ని కుదిరాయో లెక్క చెప్పినట్టన్నమాట. వాడంతట వాడు నింపుకుంటే నలభై ఒకటి వచ్చాయిట. మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు.

నేను ఎం.ఏ. తెలుగు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు అలంకారశాస్త్రం చెబుతున్నవాణ్ణి. అతిశయోక్తి నాకు కొత్తా చెప్పండి? వాడు చెప్పిన నాలుగు ముక్కలూ తీసుకుని, వ్రాతపని చేసిపెట్టే మరో ఏఐకి అప్పగించి, కాస్త ఘనంగా వ్రాయమన్నాను. క్షణంలో పేజీ నిండింది. అందులో "సిక్స్ జీ పైపు వెల్డింగులో నిపుణుడు" అని ఒక వాక్యం.

"అది పెద్ద పనండి మేష్టారూ. నేను ఎక్కువ చెయ్యలేదండి" అన్నాడు వాడు.

"ఉండనీరా. ఫోనుకి ఫైవ్ జీ వచ్చింది, నీకు సిక్స్ జీ ఉంటే తప్పేమిటి?" అన్నాను. నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను. వాడు నా మాట మీద గౌరవంతో ఊరుకున్నాడు. మార్కులు తొంభై రెండయ్యాయి. వారం తిరక్కుండా ముంబయిలో ట్రేడ్ టెస్టుకి రమ్మని కబురొచ్చింది.

సిక్స్ జీ అంటే ఏమిటో నాకు తరవాత తెలిసింది. రెండు పైపు ముక్కల్ని నలభై అయిదు డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. పైపు తిరగదు. వెల్డరే దాని చుట్టూ తిరగాలి. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి మెడ వంచి, చెయ్యి వణక్కుండా అతకాలి. అతికాక దాన్ని ఎక్స్‌రే తీసి, లోపల గాలిబుడగ మిగిలిందా అని చూడడమూ ఉంది. రిఫైనరీల్లో, గ్యాసు పైపుల మీద పని అంటే ఇదే. మావాడి చెయ్యి దీనిమీద తిరగలేదు. వాడి నేర్పంతా పలకల మీద. నిలువుగా నిలబెట్టిన రెండు ఇనుప పలకల్ని అడుగునుంచి పైకి అతుక్కుంటూ వస్తే, ఆ అతుకు జడ అల్లినట్టుంటుంది. దాన్ని త్రీ జీ అంటారు. అది మాత్రం ఏమంత తేలికనుకున్నారా?

వాళ్ళమ్మ చెవి దుద్దులు తాకట్టు పెట్టి వాణ్ణి రాజమండ్రిలో రైలెక్కించింది. అయిదో రోజున తిరిగొచ్చాడు. "మీరు బాగానే వ్రాశారండి. నాకే చెయ్యి రాలేదు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. ఆ రాత్రి మా ఆవిడ, "పిల్లల పరీక్షకాగితాల్లో లేనిది వ్రాస్తే సున్నా వేస్తారుగా మీరు?" అని మాత్రం అంది.

నెపం యంత్రం మీదకు తొయ్యొచ్చు. అదీ అంత అమాయకురాలేమీ కాదు. మాటల్ని అంకెలుగా మార్చి, దగ్గరగా ఉన్న అంకెల్ని జతకలపడం దాని పని. చేతిని అది చూడలేదు. పాత కాగితాలు ఎలా ఉంటే అలాగే నేర్చుకుంటుంది కూడా. అమెజాన్ కంపెనీ 2014 నుంచి తయారుచేసుకున్న ఇలాంటి యంత్రం సంగతి 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. పదేళ్ళ దరఖాస్తులు, అందులో ఎక్కువ మగవాళ్ళవి, చదివి పెరిగిన ఆ యంత్రం "మహిళల" అన్న మాట కనిపిస్తే మార్కులు తగ్గించేదట. కంపెనీ దాన్ని వదులుకుంది. ఉద్యోగాలకు మనుషుల్ని ఏరే ఏఐని ఐరోపా యూనియన్ 2024 చట్టంలో ప్రమాదం హెచ్చు ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఇక జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థవారి 2008 నాటి వృత్తుల పట్టికలో వెల్డర్లూ, గ్యాసుతో ఇనుము కోసేవాళ్ళూ అందరూ కలిసి 7212 అనే ఒక్క నంబరు. ఆ నంబరులో మావాడి జడ అల్లిక ఎక్కడ కనబడుతుంది? దాన్ని మాటల్లో పెట్టాల్సింది నేను. నేనేమో అలంకారాలు పెట్టాను.

రెండోసారి నేనే వాణ్ణి పిలిపించాను. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. ఈసారి వాడు చెప్పడం, నేను వ్రాయడం. ఎంత మందం పలక, ఏ రాడ్డు, విశాఖలో ఓడల మరమ్మతు కాంట్రాక్టరు దగ్గర రెండేళ్ళు ఏం చేశాడు, డ్రాయింగు చదవడం ఎంతవరకు వచ్చు. పైపు పని రాదని కూడా వ్రాశాం. మార్కులు అరవై ఎనిమిదికి దిగాయి. కాని ఈసారి చూపించిన ఖాళీ వేరు: ఒమాన్‌లో ఇనుప కట్టడాల పని, పరీక్ష పలక మీద.

ఇంతలో ఒకాయన ఫోను చేసి, ఆ ఉద్యోగం తానే ఖాయం చేస్తానని, లక్షా ఇరవై వేలు పంపమన్నాడు. యంత్రం పొంతన చూసిందే గాని, కట్నం సంగతి దాని లెక్కలో లేదు. పాఠకులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. రిజిస్టరైన ఏజెంటు ముప్ఫై వేలూ, దానిమీద జీఎస్‌టీ మించి తీసుకోరాదు, రసీదు ఇవ్వాలి. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో కేంద్రప్రభుత్వం ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మావాడు పదో తరగతి గట్టెక్కలేదు. అలాంటివాళ్ళు పద్ధెనిమిది దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందు వలస అనుమతి తీసుకోవాలి. ఒమాన్ అందులో ఒకటి. నేను ఫోను తీసుకుని, "మీ రిజిస్ట్రేషను నంబరు చెప్పండి బాబూ" అన్నాను. అవతల లైను తెగిపోయింది. ఖాళీ ప్రకటించిన అసలు ఏజెన్సీ పేరు ఆ సైటులో ఉంది. వాళ్ళతోనే మాట్లాడాం.

మొన్న రాత్రి భోజనాలవేళ వాడు వచ్చి బల్ల మీద ఒక ఇనుప బద్ద పెట్టాడు. అతికిన పలకలోంచి కోసి, గుర్రపునాడాలా వంచిన ముక్క. అతుకులో లోపముంటే అలా వంచినప్పుడు పగులు కనిపిస్తుందిట.

"చూడండి మేష్టారూ, ఎక్కడా పగల్లేదు."

కళ్ళజోడు పెట్టుకుని వేలితో తడిమి చూశాను. పగల్లేదు. ముంబయి ప్రయాణం వచ్చే సోమవారం. దుద్దులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి గనక ఈసారి టిక్కెట్టు నేను కొన్నాను. వాడు వద్దన్నాడు. మా ఆవిడ ఊరుకోమంది.