పాతవంతెన మీద కొత్త ఆశలు

హేవలాక్ వంతెన సంగతెత్తితే రాజమండ్రిలో రెండు రకాలవాళ్లు తగులుతారు. మొదటివాళ్లకి అది రైళ్లు తిరిగిన రోజుల్లో ఉన్నట్టే ఉండాలి. అవే పట్టాలు, అవే దూలాలు, వీలైతే ఓ బొగ్గు ఇంజను కూడా. రెండోవాళ్లకి అద్దాల నేల, రంగుల దీపాలు, హోటళ్లు, పిల్లలకి ఆటలు, సాయంత్రం పాటకచేరీ కావాలి. ఒకరు కోరేది రెండోవారికి గిట్టదు గానీ, గడువు దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: 2027 పుష్కరాల లోపు అయిపోవాలి.

1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టుకల్లా పూర్తిచేసిన వంతెన ఇది. ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్లు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1997లో పక్కనున్న ఆర్చి వంతెనకి రైళ్లని అప్పజెప్పి విశ్రాంతి తీసుకుంది. దీన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న మాట ఆ తర్వాత ఊరికి అలవాటైపోయింది. చివరికి 2025 జూన్ 26న 94.44 కోట్ల అఖండ గోదావరి పథకానికి కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు.

ఆశపడేవాళ్లని వెక్కిరించడం తేలిక. కానీ రైల్వేకి అక్కర తీరిన ఇనుము మామూలుగా ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. తుక్కు కింద తూకానికి పోతుంది. ఈ వంతెన పోలేదంటే, ఇది మాది అని ఊరు పట్టుబట్టడం అందుకు ఓ కారణం. కొవ్వూరు నుంచి చదువుకీ ఉద్యోగానికీ దీని మీదుగా వచ్చినవాళ్లు, కిటికీలోంచి గోదారమ్మకి పైసలు విసిరినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. పైగా పాతికేళ్ల పైచిలుకు ఆగారు. తీర్చని బాకీకి వడ్డీ పెరిగినట్టు ఆగినకొద్దీ కోరికలూ పెరిగాయి. ఆ తప్పు జనానిది మాత్రమే అనలేం. రంగురంగుల ఊహాచిత్రాలు చూపించి ఆశ పెట్టినవాళ్లదీ కొంత ఉంది.

ఇక పని చేయాల్సినవాళ్ల వైపు చూద్దాం. రైలు వంతెనకి నేలంటూ ఉండదు. స్లీపరుకీ స్లీపరుకీ మధ్య కిందికి చూస్తే గోదావరే. మనుషులు నడవాలంటే నేల పరవాలి, రెండు పక్కలా ఎత్తుగా కటకటాలు కట్టాలి. రైళ్లనే మోసింది, మనుషులో లెక్కా అంటారు కొందరు. ఆ మాట సగమే నిజం, మోసింది వయసులో ఉన్నప్పుడు. ఆ కాలపు వంతెనల్లో పలకల్ని రివెట్లతో బిగించేవారు. రెండు పలకల సందులోకి తడి దిగితే తుప్పు లోపలే ఉబ్బి వాటిని విడదీస్తుంది. పైన రంగు నున్నగానే కనిపిస్తుంది. ఇలాంటి ఇనుమును అతుకు అతుకునా తట్టి చూడక తప్పదు. ఈ పని ఏ ప్రారంభోత్సవం ఫొటోలోనూ కనపడదు, డబ్బు మాత్రం దీనికే ముందు కావాలి. ఆ 94.44 కోట్లూ వంతెనవే కావు కూడా. పుష్కర ఘాట్, కడియం నర్సరీలు, నిడదవోలు కోటసత్తెమ్మ గుడి అన్నీ అందులోవే.

న్యూయార్కులో రైళ్లు మానేసిన హైలైన్ పార్కుని చూపించి, వాళ్లు చేస్తే మనం చెయ్యలేమా అంటారు. చేయగలం. అక్కడ చివరి రైలు 1980లో నడిచింది, తొలి ముక్క 2009లో తెరిచారు, మిగతావి విడతలవారీగా 2019 దాకా సాగాయి. అక్కడ నాలుగు వీధులు దాటితే దిగడానికి మెట్లుంటాయి. మనకు ఈ చివర రాజమండ్రి, ఆ చివర కొవ్వూరు, మధ్యలో బ్రిడ్జి లంక తప్పితే అంతా నీళ్లే. నడిమధ్యలో ఎవరికైనా గుండెపోటు వస్తే స్ట్రెచరు ఎటు నుంచి రావాలో తేల్చాకే ఐస్‌క్రీమ్ బండికి చోటు వెతకాలి.

తొందరపడితే ఏమవుతుందో మోర్బీ చెప్పింది. గుజరాత్‌లోని ఆ పాత వేలాడే వంతెనను నెలల తరబడి మూసి, బాగుచేశామని చెప్పి 2022 అక్టోబరు 26న, గుజరాతీల కొత్త సంవత్సరం రోజున తెరిచారు. నాలుగు రోజులకి తీగ తెగి 135 మంది పోయారు. మనది వేలాడే వంతెన కాదు, నిజమే. కానీ పండగకి తెరవాలన్న ఒత్తిడి రెండుచోట్లా ఒకటే. 2015 జులై 14న పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట చూసిన ఊరికి జనం ఒత్తిడి అంటే ఏమిటో వేరే చెప్పాలా!

నా మొగ్గు పాతని పాతగా ఉంచాలనేవాళ్ల వైపే. అద్దాల నేల ఏ ఊళ్లోనైనా వేసుకోవచ్చు, హేవలాక్ మీద నిలబడి చూసే గోదావరి ఇంకెక్కడా దొరకదు. అయితే కటకటాలూ వలలూ వేస్తే అందం చెడుతుందనే వాదన మాత్రం ఒప్పుకోను. పసిపిల్లల్ని తీసుకొచ్చే చోట ఆ మాట చెల్లదు.

రాజమండ్రి వైపు కొన్ని స్పాన్ల మీద ముందు ఉత్త నడకబాట తెరవండి. రెండు వరదలు చూశాక మిగతా సంగతి. పుష్కరాల పన్నెండు రోజులూ వంతెన ఎక్కనివ్వకండి. ఒకసారికి ఎంతమంది ఎక్కొచ్చో రెండు చివర్లా బోర్డు పెట్టండి. ఊరివాళ్లు కూడా దీపాల రంగు గురించి అడిగే ముందు బరువు పరీక్ష నివేదిక ఏదని అడగాలి.