జాబితా ఉన్నది, మన చేతికి రాదు

అమెరికాలో కాపురమున్న మా మేనకోడలు ఇల్లు మారబోతూ, ఆ వీధిలో పిల్లలను చెరచి శిక్షపడ్డవారెవరైనా ఉన్నారేమోనని సర్కారు జాబితా వెదకి చూచిందట. అక్కడ 1996 నాటి మేగన్ చట్టం వల్ల ఎవరైనా చూడవచ్చును.

“మన సేత్తూరులో అట్లా చూడరాదా?” అని ఇంట్లో మమ్మడిగారు. చూడరాదు. 2018 సెప్టెంబరు 20న కేంద్రం పెట్టిన జాబితాలో ఆనాడే 4,40,000 పైగా నమోదులున్నవి. కాని చూచేది పోలీసులే.

కనుక ట్యూషను మాస్టరునో, వ్యాను డ్రైవరునో పెట్టుకొనే ముందు స్టేషనులో విచారణకు అర్జీ ఇవ్వడం మేలు. మరి బంధువైతేనో? శిక్షపడనివాని పేరు ఏ జాబితాకూ ఎక్కదు. మనవాడేనని మనమే దాచితే ఎట్లా ఎక్కుతుంది? బిడ్డ నోరు విప్పితే 1098కు ఫోను చేయండి. తెలిసీ చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం క్రింద నేరమే. పరువంటారా, కోర్టు అనుమతి లేనిదే బిడ్డ పేరు పత్రికలో వేయరాదని ఆ చట్టంలోనే ఉన్నది.