మన పద్దుకు మధ్యలో పడే కోత

ఏటా ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఆర్థికమంత్రి బడ్జెట్టు పెట్టె పట్టుకుని శాసనసభకొస్తాడు. దళితులకు ఇన్ని వేల కోట్లని చదువుతాడు. సభ్యులు బల్లలు చరుస్తారు. మర్నాడు పేపర్లో పెద్దక్షరాలు. మన వాడల్లోనూ కొందరు సంబరపడతారు. అయ్యలారా, అమ్మలారా! ఆ అంకె ఇంకా డబ్బు కాదు, వట్టి మాట. ఆ మాట డబ్బు కావాలంటే ఆర్థికశాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా అసలు కథంతా అక్కడే నడుస్తుంది.

కోత ఎట్లా పడుతుందో చూడండి.

మొదటిది తొక్కిపెట్టడం. ఉత్తర్వు రాదు, వచ్చినా ఖజానాలో బిల్లు కదలదు. హాస్టలు మెస్ బిల్లులు, స్కాలర్‌షిప్పులు ఆగేది ఇక్కడే. మార్చి 31 దాటితే సొమ్ము మురిగిపోయిందంటారు. ఇవ్వనోడే మనల్ని 'ఖర్చు పెట్టుకోలేదు' అంటాడు!

రెండోది మళ్ళింపు. ఒకే గ్రాంటు లోపల ఒక పద్దు సొమ్మును ఇంకో పద్దుకు మార్చాలంటే శాసనసభ దాకా పోనక్కర్లేదు. ఒక్క కాగితం చాలు.

మూడోది అనుబంధ పద్దులు. అదనపు ఖర్చుకు రాజ్యాంగం 205వ అధికరణం ప్రకారం సభ అనుమతి అడగాలి. అడుగుతారు, చాలాసార్లు ఏడాది ముగిసే రోజుల్లో. వాళ్ళకు కావలసిన పనికి అట్లా అదనపు సొమ్ము పుడుతుంది. మన దగ్గరికొచ్చేసరికి నిధుల్లేవు.

వరదొస్తే, కరువొస్తే మధ్యలో సర్దుబాటు తప్పదు. కాదనం. సర్దుబాటన్నప్పుడల్లా చెయ్యి మన కంచంలోకే ఎందుకొస్తుంది? ఢిల్లీలో 2010 కామన్వెల్త్ ఆటల కోసం ఎస్సీల ప్రత్యేక ప్రణాళిక సొమ్ము వందల కోట్లు మళ్ళించారు. ఆ సంగతి అప్పటి హోంమంత్రి చిదంబరం రాజ్యసభలోనే ఒప్పుకున్నాడు.

ఈ దోపిడీని ఆపాలనే కొట్లాడి ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2012 డిసెంబరులో ఆమోదించింది, 2013లో అమల్లోకొచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసి, మిగిలిన సొమ్మును మరుసటేడుకు కలపాలని రాసుకుంది. ఆంధ్రప్రదేశ్ 2023లో పాత చట్టాన్ని మరో పదేళ్ళు పొడిగించింది. చట్టముంది, కాపలా లేదు. ఊరందరికీ ఇచ్చే పథకంలో మన తలలు లెక్కగట్టి ఆ ఖర్చు మన పద్దులో రాసేస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది. వాడకు రోడ్డు మాత్రం పడదు.

కాపలా మనమే కాయాలి. బడ్జెట్టు పుస్తకంలో 789 అనే అంకె వెతకండి. అది ఎస్సీల పద్దు. దాని ఎదుట నాలుగు గళ్ళుంటాయి: గడిచిన ఏటి లెక్క, ఈ ఏటి అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. పేపర్లు అచ్చేసేది నాలుగోదాన్ని. మీరు రెండో గడినీ మూడో గడినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ తేడాలోనే మన పిల్లల అన్నం, వాడ నీళ్ళు, మన భూమి ఉన్నాయి.

మూడు నెలలకోసారి ఎంత విడుదలైందో, ఎంత ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద ప్రతి మండలం నుంచీ అడగండి. వచ్చిన జవాబును వాడ గోడ మీద రాయండి. 789 సొమ్ములో పైసా కదిలించాలన్నా ముందు సభలో చెప్పాలని మీ ఎమ్మెల్యేను నిలదీయండి. రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద బాబాసాహెబ్ 1925లోనే పుస్తకం అచ్చేయించాడు. లెక్క చదవడం ఆయన మనకిచ్చిన ఆస్తి. దాన్ని వాడుకుందాం.

జై భీమ్!